కొండ మీద నీటి గీతలు

మిజూలా ఊళ్లోకి సాయంత్రం పూట అడుగుపెట్టాలి. పొద్దు పడమటికి వాలి, ఎండ ఏటవాలుగా తగిలినప్పుడే ఆ ఊరి గుట్టు బయటపడుతుంది. తూర్పున రెండు బోడి కొండలుంటాయి. ఒకటి మౌంట్ సెంటినెల్, రెండోది మౌంట్ జంబో. మధ్యాహ్నం చూస్తే గడ్డి తప్ప మరేమీ కనిపించదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఆ కొండల ఒంటి మీద అడ్డంగా గీతలు తేలతాయి. ఒకదాని మీద ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు, వరసగా పైదాకా. వేసవిలో చెరువు ఎండుతున్నప్పుడు గట్టు మీద మెట్లు మెట్లుగా మిగిలే నీటి జాడల్లా ఉంటాయి.

అచ్చంగా అవే అవి. నీటి జాడలే! కాకపోతే ఆ నీళ్లు వెళ్లిపోయి వేల ఏళ్లు దాటింది.

అమెరికా వాయవ్య భాగంలో, మోంటానా రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ ఉన్న చిన్న ఊరు మిజూలా. ఆ గీతల కొండల నీడలో 27 ఏళ్లు బతికిన స్వరకర్త డేవిడ్ మస్లాంకా. కలలు, జ్ఞాపకాలు, మనసు అడుగున నిద్రపోయే ఎరుక... ఇవే ఆయన సంగీతానికి ముడిసరుకు. ఆఖరి సింఫనీ పేరు ‘ద రివర్ ఆఫ్ టైమ్’. అంటే కాలనది. దాన్ని పూర్తి చేయకుండానే ఆయన వెళ్లిపోయారు. మిగిలింది కొడుకు పూర్తి చేశాడు.

ఆ ఊరిని చూస్తే ఆ సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో కొంతైనా అర్థమవుతుంది.

వరదకు ఎదురు ప్రయాణం

సియాటిల్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు వేసవి సెలవుల్లో కార్లలో యెల్లోస్టోన్‌కి బయల్దేరితే సాధారణంగా మిజూలా మీదుగానే వెళ్తారు. ఐ-90 రహదారి ఊరి అంచునే సాగిపోతుంది. సియాటిల్ నుంచి దాదాపు 475 మైళ్లు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరుకోవచ్చు.

పచ్చటి కాస్కేడ్ కొండలు దాటగానే దృశ్యం మారిపోతుంది. తూర్పు వాషింగ్టన్ అంతా ఎండిన నేల. కొలంబియా నది దాటేచోట నల్లరాతి గోడలు నిటారుగా నిలబడి ఉంటాయి. దారికి ఉత్తరాన ‘డ్రై ఫాల్స్’ అనే చోటుంది. పేరుకి జలపాతమే. మూడున్నర మైళ్ల వెడల్పు, 400 అడుగుల ఎత్తు. నయాగరాకి రెండింతలకు పైగా ఎత్తన్నమాట. కానీ అక్కడినుంచి ఒక్క చుక్క నీరు దూకదు. ఒకప్పుడు దూకింది. ఎప్పుడో కాదు, భూమి వయసుతో పోలిస్తే నిన్న మొన్నటి మాట.

స్పోకేన్ దాటి, ఐడహో దాటి, లుకౌట్ కనుమ ఎక్కితే మోంటానా మొదలవుతుంది. అక్కడ గడియారాన్ని గంట ముందుకి జరుపుకోవాలి. కానీ అసలు ప్రయాణం వెనక్కి... పదిహేను వేల ఏళ్ల వెనక్కి!

వెయ్యి అడుగుల నీటి కింద

మంచుయుగం చివరి రోజులవి. కెనడా వైపు నుంచి దిగివచ్చిన ఓ హిమానీనదం క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డంగా పడింది. ఇప్పుడు ఐడహోలో పాండొరే సరస్సు ఉన్న ప్రాంతమది. నదికి మంచుతోనే ఆనకట్ట తయారైంది. ఎత్తు సుమారు రెండు వేల అడుగులు. వెనక నీళ్లు నిలిచి, పశ్చిమ మోంటానా లోయలన్నీ నిండిపోయాయి. దాదాపు 500 ఘనపు మైళ్ల నీరు. ఈరీ, ఒంటారియో సరస్సుల్లో ఇప్పుడున్న నీరంతా కలిపితే ఎంతో అంత. ఇప్పుడు మిజూలా ఉన్నచోట సరస్సు లోతు సుమారు వెయ్యి అడుగులు.

మంచు నీటి మీద తేలుతుంది. అదే ఆ ఆనకట్టకు ముప్పయింది. నీళ్లు పెరిగేకొద్దీ అడుగు సడలింది. ఓ రోజు తెగిపోయింది. ఆ మహా సరస్సు రెండు మూడు రోజుల్లోనే ఖాళీ అయిందని శాస్త్రవేత్తల అంచనా. స్పోకేన్ మీదుగా, తూర్పు వాషింగ్టన్‌ని చీల్చుకుంటూ, కొలంబియా లోయ గుండా పసిఫిక్ సముద్రానికి పోయింది. దారిలో మట్టినంతా ఊడ్చుకుపోయి రాతిని బయటపెట్టింది. తర్వాత హిమానీనదం మళ్లీ ముందుకొచ్చింది, మళ్లీ ఆనకట్ట కట్టింది. మళ్లీ సరస్సు, మళ్లీ వరద. ఇలా పదుల సార్లు జరిగింది. నీరు ఒక్కో మట్టం దగ్గర నిలిచినప్పుడు అలలు కొండను కొద్ది కొద్దిగా కోశాయి. సాయంత్రపు ఎండలో తేలేవి ఆ కోతలే.

ఈ కథను నమ్మించడానికి పట్టిన కాలం మరో కథ. మిజూలా సరస్సు గురించి జోసెఫ్ పార్డీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1910లోనే రాశారు. తూర్పు వాషింగ్టన్ నేలను ఓ మహా వరద చెక్కిందని జె.హార్లెన్ బ్రెట్జ్ 1923లో ప్రకటించారు. అంత నీరు ఎక్కడిదన్నారు తోటివాళ్లు. 1927లో వాషింగ్టన్ నగరంలో సభ పెట్టి మరీ ఆయన వాదాన్ని ఖండించారు. ఆ నీరు మిజూలాదేనన్నదానికి గట్టి ఆధారం 1942లో పార్డీయే అచ్చువేశారు. మోంటానాలోని కమాస్ ప్రెయిరీలో నేలంతా అలలు అలలుగా ఉంటుంది. ఏటి ఇసుక మీద నీరు వదిలే అలల గుర్తుల్లాంటివే. కాకపోతే ఇవి ముప్ఫై అడుగుల ఎత్తుకు పైగా ఉంటాయి! నేల మీద నిలబడితే మామూలు గుట్టలనిపిస్తాయి. పైనుంచి చూస్తేనే అలలని తెలుస్తుంది. బ్రెట్జ్‌కి భూగర్భ శాస్త్రంలో పేరున్న పెన్‌రోజ్ పతకం 1979లో వచ్చింది. అప్పటికి ఆయన తొంభై ఐదు దాటారు.

సాక్ష్యం కొండంత ఉన్నా చూడటం తెలియాలి. మిజూలా మొదటి పాఠం ఇదే.

నది చుట్టూ ఊరు

2020 జనాభా లెక్కల్లో మిజూలా జనం 73 వేల పైచిలుకు. ఐదు లోయలు కలిసే చోటు. ఊరి నడిబొడ్డున క్లార్క్ ఫోర్క్ పారుతుంది. నదికి దక్షిణాన, సెంటినెల్ కొండ పాదాల దగ్గర 1893లో ఏర్పడ్డ మోంటానా విశ్వవిద్యాలయం. పాత ఎర్ర ఇటుకల భవనం, దాని మీద గడియారపు గోపురం, ముందు పెద్ద పచ్చిక. ఆ వెనకే కొండ మీద తెల్లటి పెద్ద ‘ఎం’ అక్షరం. అక్కడిదాకా మెలికలు తిరుగుతూ ముప్పావు మైలు కాలిబాట. దూరం తక్కువే కానీ నిలువెత్తు. పిల్లలు పరుగున ఎక్కేస్తారు, పెద్దలు ప్రతి మలుపులోనూ ‘వ్యూ బాగుంది’ అంటూ ఆగుతారు! పైకెక్కి కూర్చుంటే ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంటుంది. అక్కడ కూర్చున్నప్పుడు కూడా మంచుయుగపు సరస్సు లెక్కన మనం ఇంకా నీటి అడుగునే ఉంటాం.

నది ఒడ్డున కారస్ పార్కులో ఓ రంగులరాట్నం ఉంది. 1995లో మొదలైంది. గుర్రాలన్నీ చెక్కవే. వాటిని చెక్కింది ఊరి జనమే. కూలి తీసుకోకుండా, సాయంత్రాలూ సెలవులూ పెట్టి, ఏళ్ల తరబడి చెక్కారు. రాట్నం తిరుగుతున్నప్పుడు గొట్టాల్లోంచి గాలి ఊదుతూ ఓ యంత్ర వాద్యం పాటలు వాయిస్తుంది. పక్కనే నదిలో ‘బ్రెనన్స్ వేవ్’ అనే కృత్రిమ అల. 2001లో చిలీలో నదీ ప్రమాదంలో చనిపోయిన ఈ ఊరి కయాకింగ్ ఆటగాడి జ్ఞాపకంగా కట్టారు. చిన్న పడవల్లో కుర్రాళ్లు ఆ అల మీద విన్యాసాలు చేస్తుంటే ఒడ్డున జనం నిలబడి చూస్తుంటారు.

వేసవిలో బుధవారం రాత్రుళ్లు బానర్ పార్కుకి వెళ్తే ‘మిజూలా సిటీ బ్యాండ్’ కచేరీ వినొచ్చు. జనం దుప్పట్లు, మడత కుర్చీలు తెచ్చుకుని గడ్డిలో కూర్చుంటారు. చిన్నపిల్లలు వేదిక ముందు గంతులేస్తారు. ఒక్క వయొలిన్ కూడా ఉండదు. అన్నీ ఊదే వాద్యాలు, కొట్టే వాద్యాలే.

ఇది సాలిష్ తెగ ప్రజల నేల. మిజూలా అన్న పేరే వాళ్ల భాషలోని మాట నుంచి వచ్చింది. చల్లటి, గడ్డకట్టించే నీళ్ల చోటు అని దాదాపు అర్థం. దక్షిణాన బిటర్‌రూట్ లోయలో ఉంటున్న సాలిష్‌లు 1891లో తమ పెద్ద షార్లో వెంట ఉత్తరాన ఉన్న రిజర్వేషన్‌కి కదలాల్సి వచ్చింది. కొండ మీద గీతలు అందరికీ కనిపిస్తాయి. ఇలాంటి గీతలు మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే.

ఊపిరే సంగీతం

బ్యాండు అనగానే మనకు గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపు. లేదంటే జెండా పండుగనాడు పోలీసు బ్యాండు. అమెరికాలో బ్యాండు అంటే బడి. పది, పదకొండేళ్లు రాగానే పిల్లల చేతికి క్లారినెట్టో, ట్రంపెట్టో, ఫ్లూటో వస్తుంది. అక్కడ చదివే తెలుగు పిల్లలు కూడా వాద్యం పెట్టె మోసుకుంటూ బడి బస్సెక్కుతారు. సుషిర వాద్యాలు అంటే గాలి ఊది పలికించేవి. వాటికి డ్రమ్ములు, తాళాలు, గంటలు తోడు చేసి, శాస్త్రీయ కచేరీ స్థాయికి తీసుకెళ్లిన బృందమే ‘విండ్ ఎన్‌సాంబుల్’. 1952లో రోచెస్టర్ నగరంలోని ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో ఫ్రెడరిక్ ఫెనెల్ దీనికో రూపం ఇచ్చారు. గుంపుగా ఒకే స్వరం ఊదే పాత బ్యాండులా కాదు. ఒక్కో భాగాన్ని ఒక్కరే వాయించాలి. తప్పు చేస్తే దాక్కునే చోటుండదు.

అలా బడి బ్యాండుల్లో ఊపిరి బిగబట్టి నేర్చుకునే లక్షల మందికి మంచి సంగీతం కావాలి కదా! ఆ అవసరానికి జీవితం ఇచ్చినవారిలో మస్లాంకా ఒకరు.

ఆయన 1943 ఆగస్టు 30న మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో పుట్టారు. ఒకప్పుడు తిమింగలాల వేటకు పేరుపడ్డ రేవు పట్నం. చిన్నప్పుడు క్లారినెట్ నేర్చుకున్నారు. ఓబర్లిన్ సంగీత కళాశాలలో, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివారు. న్యూయార్క్ కళాశాలల్లో పాఠాలు చెప్పారు. 1990లో ఆ కొలువు వదిలేసి కుటుంబంతో మిజూలా వచ్చేశారు. 47 ఏళ్ల వయసులో, నెల జీతం లేకుండా, కేవలం సంగీతం రాసి బతకడానికి! మొత్తం పది సింఫనీలు రాస్తే అందులో ఎనిమిది ఊపిరి వాద్యాల బృందానికే.

రోజూ పియానో ముందు కూర్చుని బాఖ్ రాసిన కోరల్స్‌తో పని మొదలుపెట్టేవారు. చర్చిలో పాడే చిన్న చిన్న కీర్తనల్లాంటివవి. నాలుగు గొంతుల్లో ఒకటి తాను పాడుతూ మిగతావి వేళ్లతో వాయించేవారు. మన సంగీత విద్యార్థులు సరళీ స్వరాలు సాధన చేసినట్టు అనుకోవచ్చు, కాకపోతే ఆయన జీవితమంతా చేశారు. తర్వాత నడక. ఆ తర్వాత కళ్లు మూసుకుని లోపలికి దిగడం. అక్కడ ఏ బొమ్మ కనిపిస్తే ఆ బొమ్మను వెంబడించి స్వరం దాకా వెళ్లడం. ఇది ఆయన పని పద్ధతి.

మిజూలా వచ్చాక 1993లో రాసిన నాలుగో సింఫనీ వెనక పశ్చిమ మోంటానా, ఐడహో కొండల నుంచి తనకు వినిపించే భూమి గొంతు ఉందని ఆయన చెప్పుకున్నారు. అందులోనే మరో జ్ఞాపకమూ ఉంది. 1865లో హత్యకు గురైన అబ్రహాం లింకన్ భౌతికకాయాన్ని రైల్లో ఊరూరా తీసుకెళ్తుంటే, ఒహాయోలోని కొలంబస్‌లో ఇత్తడి వాద్యాలతో ‘ఓల్డ్ హండ్రెడ్’ అనే పాత భక్తిగీతం వాయించారని ఆయన చదివారు. ఆ గీతపు బాణీ ఈ సింఫనీలో వినిపిస్తుంది. ఒక జాతి దుఃఖం నూట పాతికేళ్ల తర్వాత బడి పిల్లల ఊపిరిలోకి వచ్చిందన్నమాట.

పాప దాచిన కలలు

మస్లాంకాకి పేరు తెచ్చిన రచన మిజూలాకి రాకముందే, 1981లో రాశారు. దాని పేరు ‘ఎ చైల్డ్స్ గార్డెన్ ఆఫ్ డ్రీమ్స్’. అంటే ఓ పాప కలల తోట.

దీని మూలం స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ చెప్పిన ఓ నిజ సంఘటన. యూంగ్ దగ్గరికి ఒక తండ్రి వచ్చాడు. అతనూ మానసిక వైద్యుడే. పదేళ్ల కూతురు క్రిస్మస్ కానుకగా తనకిచ్చిన ఓ చిన్న పుస్తకం తెచ్చాడు. ఆ పాప తన చేత్తో రాసింది. ఎనిమిదేళ్లప్పుడు తనకొచ్చిన పన్నెండు కలలు. చదివిన తండ్రికి ఏమీ పాలుపోలేదు. యూంగ్ కూడా ఆశ్చర్యపోయాడు. సృష్టి, ప్రళయం, మళ్లీ పుట్టుక... ఏ దేశపు పురాణాల్లోనో ఉండాల్సిన బొమ్మలు అవి. జీవితం చివరికి వచ్చిన ముసలివాళ్లకు రావాల్సిన కలలు. ఆ క్రిస్మస్ తర్వాత ఏడాదికి ఆ పాప అంటువ్యాధితో చనిపోయింది.

మస్లాంకా ఆ పన్నెండులో ఐదు కలలు తీసుకుని ఐదు భాగాలుగా రాశారు. చంద్రుడి మీది ఎడారిలో పాప నేలలోకి కూరుకుపోతూ నరకం దాకా వెళ్లడం ఒకటి. చిన్న చిన్న జంతువుల మంద పెరిగి పెరిగి, వాటిలో ఒకటి పాపను మింగేయడం ఇంకోటి. నాలుగో కలలో సూక్ష్మదర్శిని కింద ఓ నీటి బొట్టు. దాన్నిండా చెట్ల కొమ్మలు. లోకం ఇలాగే పుట్టిందని ఆ పాపకు తెలుస్తుంది!

పిల్లల మనసు తెల్ల కాగితమని, దాని మీద రాసేదంతా మనమేనని పెద్దలు అనుకుంటారు. ఆ చిన్న పుస్తకం ఆ ధీమాను కదిలిస్తుంది. పిల్లల ఎరుక ఒక్కోసారి మనం నేర్పిన చోటు నుంచి కాక, ఇంకెక్కడో లోతు నుంచి మొదలవుతుందేమో అనిపిస్తుంది. ఈ సంగీతాన్ని వాయించేది కూడా ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల విద్యార్థులే. పసితనంలోనే ఆగిపోయిన ఆ పాప కలలకు వాళ్లు ఊపిరి ఇస్తుంటారు.

విషం తాగిన నది

నదికి కూడా జ్ఞాపకముంటుంది. అది ఎప్పుడూ మంచిదే అయ్యుండదు.

మిజూలాకి తూర్పున కొద్ది మైళ్ల దూరంలో బ్లాక్‌ఫుట్ నది వచ్చి క్లార్క్ ఫోర్క్‌లో కలుస్తుంది. ఈ ఊళ్లో పెరిగిన రచయిత నార్మన్ మెక్లీన్ పోగొట్టుకున్న తమ్ముణ్ని తలుచుకుంటూ డెబ్భై దాటాక రాసిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’లోని నది ఈ బ్లాక్‌ఫుట్టే. 1992లో సినిమాగానూ వచ్చింది.

రెండు నదులు కలిసేచోట 1908లో మిల్‌టౌన్ ఆనకట్ట కట్టారు. అదే ఏడాది పెద్ద వరద. ఎగువన బ్యూట్, అనకొండా ఊళ్లలోని రాగి గనుల వ్యర్థాలు కొట్టుకొచ్చి ఆనకట్ట వెనక పేరుకున్నాయి. పైకి ప్రశాంతమైన జలాశయం, అడుగున ఆర్సెనిక్, రాగి కలిసిన బురద. 1981లో పక్క ఊరి బావి నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. అంటే డెబ్భై ఏళ్లకు పైగా నది ఆ విషాన్ని కడుపులో దాచుకుంది. ఇరవై లక్షల ఘనపు గజాలకు పైగా బురదను తవ్వి, రైళ్లలో తిరిగి ఎగువకే పంపారు. 2008 మార్చి 28న ఆనకట్టను తెంచారు. వందేళ్ల తర్వాత రెండు నదులూ అడ్డు లేకుండా కలిశాయి. ఇప్పుడక్కడ స్టేట్ పార్కు ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే రెండు నీళ్లూ ఒకటవడం కనిపిస్తుంది.

సగంలో ఆగిన సింఫనీ

మస్లాంకా పదో సింఫనీ రాస్తున్న రోజుల్లో భార్య ఆలిసన్ ఆరోగ్యం దెబ్బతింటూ వచ్చింది. మొదటి భాగానికి పేరు ఆమెదే... ‘ఆలిసన్’. రెండో భాగం పేరు ‘కాలనదిని చూస్తున్న తల్లీ కొడుకూ’. పేరు వింటేనే బొమ్మ కళ్ల ముందు నిలుస్తుంది. ఒడ్డున ఇద్దరు, ఎదురుగా ఆగని నీరు.

2017 జూలైలో ఆలిసన్ చనిపోయారు. అప్పటికే మస్లాంకాని క్యాన్సర్ పట్టుకుంది. నెల తిరిగిందో లేదో, ఆగస్టు మొదటి వారంలో ఆయనా వెళ్లిపోయారు. మరో మూడు వారాలుంటే 74 నిండేవి. బల్ల మీద సింఫనీ సగంలో ఉంది.

కొడుకు మాథ్యూ కూడా సంగీతకారుడే. తండ్రి రచనలను అచ్చుకు సిద్ధం చేసే పని చాన్నాళ్లుగా అతనిదే. తండ్రి చేతిరాత అతనికి కొట్టినపిండి. నెల వ్యవధిలో అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్న మనిషి, తండ్రి వదిలిన చిత్తుప్రతులు ముందేసుకుని కూర్చున్నాడు. పూర్తి చేశాడు. మూడో భాగం పేరు ‘డేవిడ్’. తల్లి పేరుతో మొదలైన సింఫనీలో తండ్రి పేరూ చేరింది. నాలుగోది ‘ప్రశాంతంగా ఒక్క ఊపిరి’. 2018 ఏప్రిల్‌లో యూటా విశ్వవిద్యాలయం విండ్ ఎన్‌సాంబుల్ ఈ సింఫనీని మొదటిసారి వినిపించింది.

తండ్రి స్వరం ఎక్కడ ఆగింది, కొడుకు స్వరం ఎక్కడ మొదలైంది అని వెతుకుతూ వినేవాళ్లుంటారు. అది రెండు నదులు కలిసేచోట ఏ నీరు ఎవరిదని అడగడం లాంటిదే.

ఎప్పుడు వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. సియాటిల్, సాల్ట్ లేక్ సిటీ, డెన్వర్ లాంటి నగరాల్లో మారి మిజూలా చేరుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఆగస్టులో అడవులు అంటుకుంటే కొన్నాళ్లు లోయంతా పొగ కమ్ముతుంది. అప్పుడు గీతలు కాదు కదా, కొండలే కనిపించవు. చలికాలంలో ఎల్క్ జింకలు మేతకు దిగుతాయి కాబట్టి జంబో కొండ ఎక్కనివ్వరు. మంచు పలచగా పడిన రోజు మాత్రం కింద నుంచే చూడాలి. తెల్లటి కొండ మీద ఒక్కో మెట్టూ విడివిడిగా తేలుతుంది. ఉత్తరాన గంట ప్రయాణం చేస్తే అడవిదున్నల అభయారణ్యం. 2020లో చేసిన చట్టంతో సాలిష్, కూటెనై తెగల చేతికి అది తిరిగి వచ్చింది. ఇంకా పైకి వెళ్తే గ్లేసియర్ నేషనల్ పార్కు. దారిలో వినడానికి మస్లాంకా రచనల రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి.

ఒడ్డున ఇద్దరు

ఊపిరి వాద్యం నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠం స్వరం కాదు, శ్వాస. గుండె నిండా పీల్చాలి, అంతా వదిలేయాలి. లోపలే దాచుకుంటే స్వరం రాదు. మిజూలా సరస్సూ అంతే. అది అలాగే నిలిచి ఉంటే కొండ మీద గీతల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నీళ్లు వెళ్లిపోయాకే గీతలు బయటపడ్డాయి.

వేసవిలో సాయంత్రం తొమ్మిది దాకా వెలుతురుంటుంది. రంగులరాట్నం ఆగిపోతుంది. కారస్ పార్కు మెట్ల మీద ఇంకా కొంతమంది మిగిలి ఉంటారు. ఎవరో ఒక తల్లి, ఆమె చెయ్యి పట్టుకుని ఓ పిల్లాడు. నదిలో పడవ అల మీద తేలి, పల్టీ కొట్టి, మళ్లీ పైకి లేస్తుంది. పిల్లాడు చప్పట్లు కొడతాడు. తూర్పున కొండ మీద గీతలు కాసేపు ఎర్రబడి, ఒక్కొక్కటే చీకట్లో కలిసిపోతాయి.

రేపు సాయంత్రానికి మళ్లీ కనిపిస్తాయి.